ముగ్గురాయి మొదలు వలయం దాకా – పెద్దప్రేగు కాన్సరును గురించి కొన్ని మాటలు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



 ఈ సమావేశంలో పిల్లల చదువులను గురించో, పెండ్లి ఖర్చులను గురించో మాట్లాడటం ఆనవాయితీ. ఈసారి కమిటీవారు పెద్దప్రేగు కాన్సరును గురించి చెప్పమని మమ్మల్ని అడిగినారు. మేము డాక్టర్లము కాము. సంఘం తరఫున రోగుల వెంట తిరుపతికీ, వేలూరుకూ పోయి, వార్డుల బయట బెంచీల మీద కూర్చొని, డాక్టర్లు చెప్పినది విని, తెలియనిది మళ్ళీ అడిగి తెలుసుకొన్నవారము మాత్రమే. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

ఈ విషయమే ఎందుకంటే, పోయిన ఏడు మన ఊరి పెద్దాయన ఒకరిని తిరుపతికి తీసుకొనిపోవటానికి వారింటికి వెళ్ళినాము. ఆయనకు సంవత్సరం నుండి దొడ్డికి పోయినప్పుడల్లా రక్తం పడుతూ ఉండినది. కెమెరా పరీక్ష అనగానే ఆయన గోడవైపు తిరిగి పడుకొన్నాడు. చదువుకొన్న కొడుకు ఫోనులో ఒక వార్త చూపించి, "ఇదేదో గుండ్రటి ఆర్.ఎన్.ఏ. అంట అన్నా, రక్తం తీసి చూస్తే కాన్సరు తెలిసిపోతుందంట. అబ్బాకు ఆ గొట్టం పరీక్ష ఎందుకు? ఇది చేయించుకొంటే చాలదా?" అని అడిగినాడు. ఆ రోజు మేము సరిగా జవాబు చెప్పలేకపోయినాము. ఆ బాకీ తీర్చుకోవటానికే ఈ ప్రసంగం.

మన ఊరి రాయితోనే మొదలు పెడతాము. మంగంపేట ముగ్గురాయి అంటే తెలియనివారు లేరు. ప్రపంచంలోని అతి పెద్ద ముగ్గురాయి నిల్వలలో ఒకటి మన కాళ్ళ కింద ఉన్నది. ఇక్కడినుండి పోయే రాయిలో ఎక్కువ భాగం చమురు బావులు తవ్వేచోట బురదకు బరువు రావటానికి వాడతారని గనిలో పనిచేసినవారందరూ ఎరుగుదురు. కాని ఈ రాయి జాతికి మరియొక గుణం గలదు. దీనిలో ఉండేది బేరియం సల్ఫేటు. అది ఎక్స్‌రేను తన గుండా పోనివ్వదు, నీటిలో కరగదు, ప్రేగులోనుండి రక్తంలోకి ఎక్కదు. అందువల్ల వేరుగా శుద్ధిచేసిన బేరియం సల్ఫేటును నీళ్ళలో కలిపి, ఆసనం గుండా పెద్దప్రేగులోకి ఎక్కించి ఎక్స్‌రే తీస్తే, లోపలి గోడ ఆకారమంతా తెల్లగా అచ్చుపడుతుంది. గడ్డ ఉన్నచోట ఆ తెలుపు సన్నబడి, చుట్టూ కొరికి తిన్న ఆపిల్ పండు నడిమి భాగంలా కనబడుతుంది. చాలా ఏండ్ల పాటు పెద్దప్రేగు కాన్సరును వెదకటానికి డాక్టర్లకు ఇదే ముఖ్యమైన దారి. మన లారీలలో పోయే రాయి జాతే ఆ పని చేసిందని తలచుకొంటే మాకు కొంచెం గర్వంగానే ఉంటుంది. (ఇది విని ఎవరూ మిల్లు దగ్గరి పొడిని నీళ్ళలో కలుపుకొని తాగవద్దు. ఆస్పత్రి పొడి వేరు, ఇది వేరు. బేరియంలో నీటిలో కరిగే రకాలు గొప్ప విషం.)

ఇప్పుడు ఆ పరీక్ష తగ్గిపోయినది. వేలు లావు గొట్టం చివర కెమెరా పెట్టి, సుమారు ఒకటిన్నర మీటరు పొడవుండే పెద్దప్రేగునంతా లోపలినుండి చూస్తారు. దీనినే కొలనోస్కోపీ అంటారు. ఈ గొట్టపు కెమెరా వైద్యంలో ప్రపంచమంతటా పేరు పొందిన డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డిగారు ఎం.బి.బి.ఎస్. చదివినది మన కర్నూలు మెడికల్ కాలేజీలోనే. 2025లో వారికి పద్మవిభూషణ్ వచ్చినది. ఈ పరీక్షలో ఉన్న గొప్ప ఏమిటంటే, చూడటమే గాక అనుమానం ఉన్నచోట చిన్న ముక్క తీసి పరీక్షకు పంపవచ్చు. కాన్సరుగా మారక మునుపు ప్రేగు గోడకు పుట్టగొడుగులా మొలిచే బుడిపె కనబడితే, దానిని అప్పుడే కత్తిరించి తీసివేయవచ్చు. అటువంటి బుడిపె కాన్సరు కావటానికి సామాన్యంగా పదేండ్లదాకా పడుతుంది. పదేండ్ల వ్యవధి ఇచ్చే జబ్బులు ఎన్ని ఉన్నాయి చెప్పండి?

ఆ వ్యవధిని మనం ఎట్లా పోగొట్టుకొంటున్నామో మా కళ్ళతో చూసినాము. రక్తం పడితే మొలలు అంటారు. నిజమే, చాలామందికి మొలలే. కాని మొలలేనని నిర్ణయించేది ఎవరు? బస్టాండు దగ్గర బోర్డు కట్టుకొన్నవాడు వేలు పెట్టి అయినా చూడకుండా మందు ఇస్తాడు, సూది వేస్తాడు, ఆరునెలలు గడిచిపోతాయి. ఆడవాళ్ళ సంగతి ఇంకా కష్టం. కోడలికి చెప్పరు, కొడుకుకు చెప్పరు. కండ్లు తెల్లబడి, మెట్లెక్కితే ఆయాసం వచ్చి, రక్తం తక్కువైందని టానిక్కులు తాగుతూ ఉంటారు. ఆ రక్తం ఎక్కడికి పోతున్నదని అడిగేవారు లేరు. మన దేశంలో ఈ కాన్సరు పాశ్చాత్య దేశాలలో ఉన్నంత ఎక్కువ లేదు. అయితే ఇక్కడ వచ్చేవారిలో చిన్న వయస్సువారు ఎక్కువ, ఆసనానికి దగ్గరగా పురీషనాళంలో వచ్చేవి ఎక్కువ, ముదిరిన తరువాత ఆస్పత్రికి చేరేవారు ఎక్కువ. అమెరికా లెక్కలలో, గడ్డ ప్రేగు దాటక మునుపు పట్టుబడితే అయిదేండ్ల తరువాత నూటికి 90 మంది దాకా బ్రతికి ఉంటున్నారు. దూరపు అవయవాలకు పాకిన తరువాత ఆ సంఖ్య సుమారు 15.

ఇక ఆ కుర్రవాని ప్రశ్నకు వస్తాము. ఆర్.ఎన్.ఏ. అంటే ఏమిటి? కొంచెం ఓపిక పట్టండి, మాకూ ఇది ఒక్కసారికి ఎక్కలేదు.

మన ఒంటిలోని దాదాపు ప్రతి కణంలో డి.ఎన్.ఏ. అనే మూలగ్రంథం ఉంటుంది. దానిని గది దాటనివ్వరు. పని జరగవలసినప్పుడు కావలసిన పుటకు మాత్రం నకలు వ్రాసి బయటికి పంపుతారు. ఆ నకలే ఆర్.ఎన్.ఏ. ఆ నకలును చూసి కణం మాంసకృత్తులు తయారు చేస్తుంది. నకలు మొదట వ్రాసినప్పుడు అందులో పనికివచ్చే ముక్కలూ, పనికిరాని ముక్కలూ కలిసి ఉంటాయి. పనికిరానివి కత్తిరించి, పనికివచ్చేవి వరుసగా అతుకుతారు. ఈ కత్తిరింపును 1977లో కనుగొన్నందుకు షార్ప్, రాబర్ట్స్ అనే ఇద్దరికి 1993లో నోబెల్ బహుమానం వచ్చినది.

ఇప్పుడు మీ చేతిలోని తస్బీని చూడండి. దారానికి పూసలు గుచ్చి, కొసలు ముడివేయక వదిలితే ఏమవుతుంది? కొసనుండి ఒక్కొక్క పూసే జారిపోతుంది. మామూలు ఆర్.ఎన్.ఏ. అట్లాంటిది. దానికి రెండు కొసలుంటాయి, కణంలోని కొన్ని ఎంజైములు కొసనుండి కొరుక్కుంటూ వచ్చి దానిని త్వరగా తినివేస్తాయి. కాని ఒక్కొక్కప్పుడు అతికేచోట వెనుక ముక్క తోకను తెచ్చి ముందు ముక్క తలకు కలిపివేయటం జరుగుతుంది. అప్పుడు అది తస్బీవలె ముడిపడుతుంది. కొస లేదు గనుక కొసనుండి తినేవాటికి పట్టు దొరకదు. ఇదే వలయ ఆర్.ఎన్.ఏ., ఆ కుర్రవాడు చెప్పిన గుండ్రటి ఆర్.ఎన్.ఏ. మామూలుదానికంటే ఇది చాలాసేపు చెక్కుచెదరక నిలుస్తుంది.

ఇటువంటి వలయాలను 1976లో మొక్కలకు తెగులు తెచ్చే వైరాయిడ్లలో చూసినారు. 1979లో మనిషి కణాలలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూసినారు. మాకు ఆశ్చర్యం కలిగించినది మాత్రం 1991 నాటి సంగతి. అమెరికాలో పెద్దప్రేగు కాన్సరు మీద పనిచేసే వోగెల్‌స్టీన్ గారి బృందం డి.సి.సి. అనే జన్యువును పరిశీలిస్తూ ఉండినది. ఆ పేరుకు అర్థమే 'పెద్దప్రేగు కాన్సరులో తెగిపోయినది' అని. ఆ జన్యువు నకళ్ళలో ముక్కల వరుస తారుమారైనవి కొన్ని కనబడినాయి, వెనుకది ముందు, ముందుది వెనుక. అంటే మనిషి జన్యువులో ఈ తారుమారు అతుకు మొదట బయటపడినది ఈ జబ్బును వెదుకుతూ ఉండగానే! కాని కత్తిరింపులో జరిగే చిన్న పొరపాటని తలచి ఇరవై ఏండ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2012, 2013లలో కొత్త యంత్రాలతో కణంలోని ఆర్.ఎన్.ఏ. నంతా ఒకేసారి చదవగలిగినప్పుడు, ఇవి ఒకటి రెండు కాదు, వేల సంఖ్యలో ఉన్నాయని తేలినది.

ఉన్నాయి సరే, ఏం చేస్తాయి? కణంలో మైక్రో ఆర్.ఎన్.ఏ. అనే అతి చిన్న ముక్కలుంటాయి. ఇవి బండికి బ్రేకులాంటివి. నకలును అంటుకొని, దానినుండి మాంసకృత్తి తయారుకాకుండా ఆపుతాయి. వీటిని కనుగొన్నవారికి 2024లో నోబెల్ వచ్చినది. 2013లో సి.ఐ.ఆర్.ఎస్.-7 అనే ఒక వలయం మీద, మైక్రో ఆర్.ఎన్.ఏ.-7 అనే బ్రేకు వచ్చి అంటుకొనే చోట్లు 70కి పైగా ఉన్నాయని జర్మనీ, డెన్మార్కు శాస్త్రజ్ఞులు చూపినారు. బ్రేకులన్నీ వలయానికే అంటుకొంటే కణానికి బ్రేకు ఉండదు, ఆగకుండా పెరుగుతుంది. 2017లో పెద్దప్రేగు కాన్సరు గడ్డలలో ఈ వలయం ఎక్కువగా ఉన్నదనీ, ఎక్కువ ఉన్నవారి పరిస్థితి అధ్వాన్నమవుతున్నదనీ వ్రాసినారు. కథ చక్కగా కుదిరినది.

కుదిరినదనే అందరూ అనుకొన్నారు. 2020లో డెన్మార్కు శాస్త్రజ్ఞులు గడ్డను పలుచని పొరలుగా కోసి, ఏ కణంలో ఈ వలయం ఉన్నదో రంగు వేసి చూసినారు. చూస్తే కాన్సరు కణాలలో అది లేనే లేనట్లున్నది! గడ్డ చుట్టూ ఆధారంగా ఉండే మామూలు కణాలలో ఉన్నది. మరి అంతకు ముందువారు ఎట్లా పొరబడినారు? గడ్డను మొత్తంగా నూరి కొలిచినారు. మిల్లులో మిరపకాయలు, ధనియాలు కలిపి ఆడించిన తరువాత ఏ పొడి ఎక్కడిదో ఎవరు చెప్పగలరు? ఈ సంగతి చదివిన రోజు మాకు నిరాశ కలుగలేదు, సంతోషం కలిగినది. తమవాళ్ళు చెప్పిన మాటను తామే మళ్ళీ తవ్వి చూసి, తప్పు ఉంటే అందరి ముందు పెట్టే పద్ధతి అది. మన పంచాయతీలలో అంతటి ధైర్యం ఎంతమందికి ఉన్నది!

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. వియన్నాలో 2015లో కొలిచి చూస్తే, మొత్తం మీద వలయాలు ఆరోగ్యంగా ఉన్న ప్రేగులోకంటే కాన్సరు గడ్డలోనే తక్కువ ఉన్నాయి. దానికి వారు ఊహించిన కారణం సులభమైనది. వలయాలు మెల్లగా తయారై నిలువ చేరుతాయి. కాన్సరు కణం తొందర తొందరగా రెండై, నాలుగై విడిపోతుంది. పంచుకొనేవారు పెరిగిన ఇంటిలో ధాన్యం గాదెలా నిలువ పలచబడుతుంది.

అట్లాగని వలయాలకు పని లేదనీ కాదు. ప్రేగునుండి వచ్చే రక్తం ముందు కాలేయానికి పోతుంది గనుక ఈ కాన్సరు పాకేటప్పుడు ఎక్కువగా కాలేయంలోనే దిగుతుంది. 2019లో చైనా పరిశోధకులు, కాలేయానికి పాకిన రోగులలో ఒక వలయం ఎక్కువగా ఉండటం గమనించినారు. అది కణ కేంద్రంనుండి బయటికి వచ్చి, పాకటానికి తోడ్పడే ఒక నకలును చెడిపోకుండా కాపాడుతున్నదని ఎలుకలలోనూ చూపినారు. 2015లోనే మరొక బృందం, కణాలు రక్తంలోకి వదిలే అతి సూక్ష్మమైన బుడగలలో వెయ్యికి పైగా వలయాలు ఉన్నాయనీ, పెద్దప్రేగు కాన్సరు ఉన్నవారి రక్తంలో వాటి తీరు మారుతున్నదనీ కనుగొన్నది. కుర్రవాడు ఫోనులో చూసిన వార్తకు మూలం ఇటువంటి పనులే. కొస లేని వస్తువు గనుక రక్తంలో చెడిపోకుండా దొరుకుతుంది, అందుకే ఆశ.

ఇక జవాబు. ఆ రక్తపరీక్ష ఇంకా పరిశోధనశాలలోనే ఉన్నది. పెద్దప్రేగు కాన్సరు ఉన్నదీ లేనిదీ చెప్పటానికి వలయ ఆర్.ఎన్.ఏ. పరీక్షను నమ్మి ఏ డాక్టరూ వైద్యం మొదలుపెట్టడు, ఆపడు. ఒక బృందం చెప్పిన వలయం మరొక బృందానికి కనబడాలి, వేలమందిలో నిలబడాలి, మనలాంటి ఊళ్ళవారిలోనూ చూడాలి. ఆ పని అయ్యేదాకా గొట్టం పరీక్షకు బదులు అది కాదు.

ఈ మాట గట్టిగా చెప్పటానికి కారణం ఉన్నది. మనవారి కుటుంబం ఒకటి ఒక పట్నంలో 'కాన్సరు ప్యాకేజీ' అని వేలు పోసి రక్తం పరీక్ష చేయించుకొన్నది. అందులో ఉన్నది సి.ఇ.ఏ. అనే పాత పరీక్ష. 1965నుండి తెలిసినదే. ఆపరేషను అయిన తరువాత జబ్బు తిరిగి వస్తున్నదా అని చూసుకోవటానికి అది మంచిదే గాని, జబ్బు ఉన్నదా లేదా అని నిర్ణయించటానికి కాదు. కాన్సరు ఉన్నా మామూలుగా రావచ్చు. వారికి మామూలుగానే వచ్చినది. ఆ కాగితం చూసుకొని అయిదు నెలలు ఊరక ఉండిపోయినారు. ఆ అయిదు నెలలు ఇప్పుడు ఎవరు తెచ్చిస్తారు?

మొదట చెప్పిన పెద్దాయన ఏమైనాడని అడుగుతారు. కొడుకు బ్రతిమాలి, మేము బ్రతిమాలి, చివరకు ఆయన భార్య, "నువ్వు రాకపోతే నేనూ మందులు మింగను" అని తన షుగరు మాత్రలు పక్కన పెడితే బయలుదేరినాడు. పరీక్షకు ముందు రోజు పలుచని తిండి తిని, తరువాత లీటర్ల కొద్దీ ఉప్పగా ఉండే మందు నీళ్ళు తాగి ప్రేగు శుభ్రం చేసుకోవాలి. అసలు కష్టం అదే. పరీక్షప్పుడు మత్తు ఇచ్చినారు, ఆయనకు తెలియనే తెలియలేదు. ఉపవాసాల నెలలో పరీక్ష పడితే ఏం చేయాలని కొందరు అడిగినారు. రోగికి రోజా తరువాత తీర్చుకొనే వెసులుబాటు మన దీన్‌లోనే ఉన్నది గదా!

గడ్డ పురీషనాళంలో ఉన్నది. ముందు కరెంటు, మందులు, ఆ తరువాత ఆపరేషను అన్నారు. పొట్టకు రంధ్రం చేసి మలం సంచిలోకి వచ్చేట్లు పెట్టాలన్నారు. అక్కడ ఆయన పూర్తిగా మొండికేసినాడు. ప్రాణభయం కాదు. "సంచి కట్టుకొని మసీదుకు ఎట్లా పోయేది? వుజూ ఎట్లా నిలిచేది? నలభై ఏండ్లుగా నమాజు తప్పలేదు, ఇప్పుడు తప్పించుకొని బ్రతకాలా?" అన్నాడు. డాక్టరు దగ్గర దీనికి మందు లేదు. మేము తిరిగి వచ్చి హజరత్ గారిని ఇంటికి పిలుచుకొనిపోయినాము. ఆయన నిదానంగా చెప్పినారు. తన ప్రమేయం లేకుండా ఆగక వచ్చేదానికి మనిషి బాధ్యుడు కాడు. అటువంటి వానిని మాజూర్ అంటారు. మన హనఫీ ఫిఖ్ ప్రకారం ప్రతి నమాజు వేళకు కొత్తగా వుజూ చేసుకొని, ఆ వేళ ముగిసేదాకా నమాజు చేసుకోవచ్చును. వీలైనంత శుభ్రం చేసుకొంటే చాలు. పెద్దాయన మూడుసార్లు అడిగించుకొన్నాడు. మరునాడు సంతకం చేసినాడు.

పురీషనాళంలో గడ్డ ఉన్న అందరికీ సంచి శాశ్వతం కాదు. చాలామందికి కొన్ని నెలల తరువాత మూసివేస్తారు. గడ్డ ఆసనానికి మరీ దగ్గరగా ఉంటేనే శాశ్వతంగా ఉంచవలసి వస్తుంది. తొందరగా వచ్చినవారికి సంచి లేకుండానే తీరిపోయే అవకాశం ఎక్కువ. ఈ ముక్క ఇంటింటా చెప్పండి.

తిండి సంగతి క్లుప్తంగా. ఉప్పువేసి, పొగబెట్టి, మందులు కలిపి నిలువ చేసిన మాంసం ఈ కాన్సరుకు కారణమని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు విభాగం నిర్ధారించినది. రోజుకు 50 గ్రాములు తింటే ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుంది. మామూలు పొట్టేలు, పశు మాంసాలను 'బహుశా కారణం' అన్న తరగతిలో పెట్టినారు. బక్రీదు మానుకోమని ఎవరూ అనలేదు. రోజూ మాంసమే, కూరాకు ముట్టము అనే ఇండ్లు మనలో ఉన్నాయి, వారికే ఈ మాట. పొగ, సారాయి, కదలకుండా కూర్చొనటం, లావు కావటం కూడా ముప్పు పెంచేవే.

ఖర్చుకు భయపడి ఆగవద్దు. 2007లో రాజశేఖరరెడ్డిగారి ప్రభుత్వం మొదలుపెట్టిన ఆరోగ్యశ్రీ, 2024నుండి ఎన్.టి.ఆర్. వైద్యసేవ అనే పేరుతో నడుస్తున్నది, కాన్సరు ఆపరేషన్లు, మందులు, కరెంటు వైద్యం అందులో ఉన్నాయి. తిరుపతిలో స్విమ్స్ ఉన్నది, 2022లో టాటావారి సహాయంతో ప్రత్యేక కాన్సరు ఆస్పత్రీ తెరిచినారు. వేలూరుకే పోవాలనే పట్టుదల ఇప్పుడు అక్కరలేదు.

ఎవరు రావాలి? రక్తం పడేవారు, మలవిసర్జన అలవాటు కారణం లేకుండా మారి మూడు నాలుగు వారాలైనా సర్దుకోనివారు, కారణం తెలియకుండా రక్తం తగ్గినవారు, బరువు తగ్గుతున్నవారు. తండ్రికో, తోడబుట్టినవారికో ఈ జబ్బు వచ్చిన ఇంటివారు ఏ బాధా లేకున్నా ఒకసారి డాక్టరును అడగాలి. ఆడవాళ్ళు మాతో చెప్పటానికి సిగ్గుపడితే, మన కమిటీలోని అక్కలు ఇద్దరు ఉన్నారు, వారితో చెప్పండి. పేరు బయటికి రాదు.

పెద్దాయన ఇప్పుడు జుమాకు వస్తున్నాడు. చివరి వరుసలో, తలుపు పక్కన కుర్చీ వేసుకొంటాడు, అక్కడినుండి వుజూఖానా దగ్గర. ఆయనకు కావలసిన సంచులు తిరుపతినుండి తెప్పిస్తున్నాము. మరి ఇద్దరికి కూడా కావలసి ఉన్నది, చందా ఇవ్వదలచినవారు ఖజాంచీ దగ్గర వ్రాయించండి. వచ్చే నెల మొదటి మంగళవారం మళ్ళీ తిరుపతికి పోతున్నాము. రాదలచినవారు అంతకు ముందు శుక్రవారం జుమా తరువాత పేరు చెప్పాలి. కార్డు, పాత రిపోర్టులు, ఎంత పాతవైనా సరే, వెంట తెచ్చుకోండి. తోడు ఒకరు తప్పక రావాలి, పరీక్ష అయిన తరువాత మత్తు దిగేదాకా ఒంటరిగా పంపరు.